నాలుగో కాలు

కాటా మీద పెట్టాను.
నాలుగు కిలోల ఆరువందలు.
దానమ్మ ముల్లు వైపు చూడలేదు.
నెత్తి మీద చుట్టకుదురు సవరించుకుని
ఒంటిచేత్తో ఎత్తి, దింపేసింది.
"సేపలు మొయ్యాలా, నీ ఇనుం మొయ్యాలా బావూ?"

ఇనుము కాదమ్మా, అల్యూమినియం అన్నాను.
"మెడకి తెల్దు కదా, ఆ పేరు."

నరసన్నపేట మేడల మీద
కాకులు కూడా వాలడం మానేసిన యాంటెన్నాలు
పాతసామాన్ల కొట్లో తూకానికి దొరికాయి.
ఎక్కడెక్కడి బొమ్మల్నో పట్టి తెచ్చిన గొట్టాలు
ఇప్పుడు నా బెంచీ మీద
ఒక్క మనిషి మీద పడే వానని
ఆపడం నేర్చుకుంటున్నాయి.

మొదటిది గొడుగులా చేశాను.
గాలి దాన్ని గిన్నెలా తిరగేసి
వాననీళ్ళు పట్టుకుంది.
రెండోది మడతమంచంలా.
ముడుస్తుంటే ఆమె చిటికెనవేలు కొరికింది.
నన్నేం అనలేదు. వేలు నోట్లో పెట్టుకుని
రెండో చేత్తో కానాగంతలు తూచింది.
ఆ పూట నాకు అన్నం సయించలేదు.

మూడోది రెండు నెలలు నిలబడింది.
తర్వాత కీళ్ళ దగ్గర తెల్లటి పిండి.
ఇనుప బోల్టూ అల్యూమినియం గొట్టమూ
పక్కపక్కన కాపురం పెడితే
ఉప్పుతడి తగువు తీర్చడానికొచ్చి
ఇద్దర్నీ తినేస్తుందని
ముప్పై ఏళ్ళుగా వెల్డింగు చేస్తున్న నాకు
చేపల గంప కారి చెప్పింది.
నీళ్ళసీసా మూతలు బిళ్ళలుగా కోసి
రెండిటి మధ్యా అడ్డం పెట్టాను.

కప్పు: పోయిన ఎన్నికల ఫ్లెక్సీ.
నవ్వే మొహం లోపలికి తిప్పబోతే
"పైకే ఉంచు" అంది,
"ఆడు తడవనీ."

పొడుగు సంగతి ఆటో పారినాయుడు తేల్చాడు.
మూర దాటితే లగేజీ, పది రూపాయలు.
కాబట్టి మూర. ఎవరి మూర అంటే
అతను తన చెయ్యి చాపాడు, నేను నాది చాపాను,
నాది బెత్తెడు తక్కువ. నాదే తీసుకున్నాను.

బరువు మాత్రం దిగనంది.
గొట్టాలకి చిల్లులు పొడిచాను,
అరచేతిలో పట్టేంత పొడి రాలింది.
రివెట్ల తలలు ఆకురాయితో అరగదీశాను.
నాలుగు కిలోలు. ఆ కింద
ఒక గోడ ఉన్నట్టు ఆగిపోయింది.

శనివారం సంతలో
దానమ్మ చాలాసేపు దాన్ని చూసి
"నాలుగు కాళ్ళు దేనికి?" అంది.
"ఈ మూల నాను కూకుంటాను కదేటి."
కాలొకటి ఊడబీకి నా ఒళ్ళో పడేసి
ఆ మూల నుంచి తాడు లాగి
గంప చెవికి కట్టింది.
ఇరవై కిలోల గుప్పిడిపేట చేపలు
తాడుని పట్టి కూర్చున్నాయి.
ఫ్రేము బిగుసుకుంది, కదల్లేదు.
మూడు కిలోల రెండువందలు.

పొద్దున తాడు మీటితే మోగేలా ఉంటుంది.
నెత్తళ్ళు పోయాక కొంచెం వదులు.
కవళ్ళు పోయాక ఇంకొంచెం.
మూడు గంటల వేళ, గంపలో ఐసునీళ్ళే మిగిలితే
గాలి కప్పు కిందకి దూరి
ఆ మూలని మెల్లగా పైకి లేపి
ఆమె భుజం మీద తడుతుంది.
"నెగు అంతాంది సూడు" అని లేచి
ఒక్క విదుపుతో ముడిచేస్తుంది.

బేరాల్లేని రోజు
అది బండలా నిలబడే ఉంటుంది.
నేను కోరుకున్నది సరిగ్గా అదే, కదలకపోవడం.
అటుగా వెళ్తూ చూస్తాను.
దాని కింద ఆమె ఈగలు తోలుకుంటూ ఉంటుంది.
పలకరించకుండా సైకిలు తొక్కేస్తాను.

నాలుగో కాలు నా దగ్గరే ఉంది.
షట్టరు లాగడానికి వాడుతున్నాను.

ఇంకో ఆరుగురు తమకీ కావాలన్నారు.
అందులో ఒకామె
మల్లెపూలు అమ్ముతుంది.
నిండుగంప ఎంత తూగుతుందమ్మా అంటే
నవ్వింది.
కాటా ముందు పెట్టుకుని కూర్చున్నాను.